కాలువ పక్క చోటు

పోతమ్మ నోరంటే వన్ టౌన్ చేపల బజారంతటికీ హడల్. చేపలమ్మే ఆడవాళ్ళ సంఘానికి ప్రెసిడెంటు ఆవిడే. ఎన్నిక మాట ఏనాడూ రాలేదు. ఆవిడకు ఎదురు నిలబడే ఓపిక ఎవరికుంది గనక!

బజారు పైకప్పుకు కొత్త రేకులు వేశాక, ఎవరెక్కడ కూర్చోవాలన్న పేచీ మొదలైంది. గేటు పక్కన నీడా ఉంటుంది, బేరమూ ఉంటుంది. ఆ చోటు పోతమ్మది. ఆ చివర మురుగు కాలువ పక్కన ముక్కు మూసుకుని కూర్చునేది దేవి. "అప్పా, కాలవ మీద పలక ఇరిగిపోనాది. వార్డాఫీసులో ఓ మాట సెప్పవా" అని దేవి సొంత అక్కను అడిగినట్టు అడిగినప్పుడల్లా పోతమ్మ "సూద్దారి లేయే" అనేది. అని మరిచిపోయేది.

"నా సోటు నాకే. మిగతాయి ఎవరికేటో నాను సెప్తాను," అంది పోతమ్మ అందరినీ పోగేసి.

"అదేటత్తా? పడవ కాడ వాటాలేసినట్టు ఎయ్యి," అంది దుర్గ. నిరుడే బజారుకొచ్చిన పిల్ల.

అందరి కళ్ళూ పోతమ్మ మీదికి తిరిగాయి. పడవ దగ్గర చేపల్ని కుప్పలు పోస్తారు. ఒకరు వీపు తిప్పి నిలబడతారు. ఇంకొకరు ఏదో కుప్ప చూపించి 'ఇదెవరిది?' అంటే, వీపు తిప్పిన మనిషి చూడకుండా ఎవరిదో పేరు చెప్పాలి; ఆ కుప్ప వాళ్ళదే. ఆ తర్వాత ఎవరూ గొణగడానికి ఉండదు.

పోతమ్మకు ఒళ్ళు మండింది. కాదంటే నలుగురిలో పరువు పోతుంది. అంతలోనే బుర్ర చురుగ్గా పనిచేసింది. చోట్లు చూపించే దుర్గ ఎలాగూ గేటు దగ్గర్నుంచే మొదలెడుతుంది, మొదట తన పేరే చెప్పుకుంటే సరి!

"కానీయే, నానే తిరుగుతాను," అని దర్జాగా వీపు తిప్పింది.

"ఇదెవరిది?"

"పోతమ్మది!"

బజారంతా గొల్లున నవ్వింది. తిరిగి చూస్తే దుర్గ కాలువ పక్కన నిలబడి ఉంది.

"అప్పా, నువ్వక్కడ కూకోనేవు. మళ్ళీ వాటాలేద్దారి," అంది దేవి. నవ్వనిది ఆమె ఒక్కతే.

"నాకోసం మళ్ళీ ఏసీస్తే, రేపు మీరు నా మాట ఇంటారేటే?" అని కసిరి, పోతమ్మ మళ్ళీ వీపు తిప్పింది. దేవికి నడిమి వరసలో చోటు పడింది.

మర్నాడు కంపుకీ ఈగలకీ పోతమ్మకు టీ చుక్క గొంతు దిగలేదు. చరచరా వార్డాఫీసుకు పోయి, గంపతో సహా గుమ్మంలో బైఠాయించింది. సాయంత్రానికి కాలువ మీద కొత్త పలక పడింది.

"ఇంతేనా అప్పా పని!" అంది దేవి ముచ్చటపడుతూ.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే పోతమ్మకు సిగ్గుతో తల వాలిపోయింది. ఇన్నాళ్ళూ ఈ మనిషి ఇక్కడే కూర్చుని అన్నం తిన్నది కదా అనుకుంది.

తేరుకుని, అందరికీ వినబడేలా గొంతెత్తింది. "ఒలే, ఇనండి! రేపట్నుంచి ప్రెసిడెంటెవులైనా కూకోవాల్సింది ఇక్కడే!"

"కాలవ బాగయిపోనాది కదత్తా, ఇంకేటి?" అంది దుర్గ.

పోతమ్మ గంప ఎత్తి దుర్గ చేతిలో పెట్టింది.

"అయితే ఇంకే సోటు బాగోనేదో సూడు. నా గంప అక్కడెట్టు."