నాలుగు వందల యాభై గ్రెయిన్లు

సత్యనారాయణ చేపలు పట్టే దారానికి కూడా మూడు కొటేషన్లు తెప్పించాడు. సిమెంటుకూ కేబుళ్లకూ చేసినట్టే దీనికీ ఒక పట్టిక గీసి, మూడింటిలోకీ చవకైనదాని పక్కన ఎల్-వన్ అని రాశాడు. ఇరవై రెండేళ్లుగా ఖతార్‌లో ఒక కంపెనీకి పర్చేజ్ మేనేజరుగా అలాగే కొంటున్నాడు. కాకపోతే ఇది సొంత పని. భయమేసి మిగతా రెండూ కూడా తెప్పించుకున్నాడు.

అది మామూలు గాలపు దారం కాదు. పదమూడు అడుగుల కర్రకు కట్టి, రెండు చేతులతో పట్టుకుని విసిరేది. కొసన ఉండేది ఈకలతో చేసిన దొంగ పురుగు, దానికి బరువే ఉండదు. అందుకని విసురుకు కావలసిన బరువంతా దారంలోనే ఉండాలి. వెనకంతా సన్నటి దారం, ముందు ముప్ఫై అడుగుల చిల్లర లావుపాటి ముక్క. ఆ ముక్కను షూటింగ్ హెడ్ అంటారు. దాని బరువును గ్రెయిన్లలో చెబుతారు, సుమారు పదిహేను గ్రెయిన్లు ఒక గ్రాము. వచ్చిన మూడు పెట్టెల మీదా మూడు వందల తొంభై, నాలుగు వందల యాభై, అయిదు వందల నలభై అని ఉంది.

ఖతార్‌లో నది లేదు. ఏరూ వాగూ కూడా లేవు. అయితే కంపెనీ జనరల్ మేనేజరుది నార్వే. ఆయన ప్రతి జూలైలో తన ఊరి నదికి ఒక మేనేజరును వెంట తీసుకుపోతాడు. నిరుడు వెళ్లొచ్చిన మనిషి ఇప్పుడు డిప్యూటీ జీఎం. అప్పటినుంచి ఆఫీసులో సగంమంది, తీపినీటి చుక్క పారని దేశంలో ఏట్లో చేపలు పట్టడం నేర్చుకుంటున్నారు.

పార్శిల్ గురువారం బిర్కత్ అల్ అవామిర్‌లోని కంపెనీ స్టోరుకు వచ్చింది. స్టోర్ కీపర్ జలంధర్ జగిత్యాల పక్క మనిషి, ముదిరాజు. పదో ఏట వల పట్టాడు, నలభై దాటినా చేతికి ఆ లెక్క పోలేదు. పెట్టెలు విప్పి, అంకెలు చూడకుండానే మూడు హెడ్లనూ బరువు వరసలో బల్ల మీద పెట్టాడు.

“ఏది మంచిదంటావయ్యా?” అన్నాడు సత్యనారాయణ.

“మంచిది, చెడ్డది అని ఉండది సార్. కట్టె ఏది అడుగుతదో గదే పెట్టాలె.”

“కట్టె అడగడమేంటయ్యా. బరువెక్కువైతే దూరం పోతుందని షాపువాడన్నాడు. పైగా ఎల్-వన్ కూడా అదే.”

 జలంధర్ కర్ర బిగించి, స్టోరు వెనక ఆవరణలో ఒక్కో హెడ్డూ కట్టి లేపి చూశాడు. పెద్దది కడితే కర్ర పిడి దాకా వంగి, ఆలస్యంగా లేచింది. చిన్నది కడితే దానికి ఏదో కట్టామన్న సంగతే తెలియలేదు. నడిమిదానికి సగం దాకా వంగి, చేతిని నెట్టినట్టుగా తిరిగొచ్చింది. చెబుదామని ఇటు తిరిగాడు.

అప్పటికి సత్యనారాయణ వేరే సంగతెత్తాడు. “చూడు, నేను సెలెక్టయితే జూలై అయిదు నుంచి ఇరవై దాకా ఉండను. నీ లీవు కాగితం నా దగ్గరే ఉంది. ఇద్దరం ఒకేసారి లేకపోతే స్టోరెవరు చూస్తారు? అవకపోతే మాత్రం సంతకం పెట్టేస్తాను. ఇందాక ఏదో చెప్పబోయావ్?”

“రేపు నీళ్ల మీద చూసి చెప్త సార్.”

సాయంత్రం క్యాంపులో బామ్మర్ది అంజి ఫోన్ చేశాడు. ఊళ్లో మత్స్యకారుల సొసైటీలో కొత్త సభ్యులను చేర్చుకుంటున్నారు. ఆఫీసర్ల ముందు వల విసరాలి, ఈత కొట్టాలి. గెలిచినవాడికి చెరువులో జీవితాంతం వాటా. కిందటిసారి ఈ పరీక్ష పెట్టి తొమ్మిదేళ్లయింది.

“జూలై పది పక్కా అయింది బావా. దుబాయ్ల ఉన్నోడు ఏమొస్తడు, పేరు తీసేద్దామంటుండ్రు.”

“తియ్యనియ్యకు.”

“అయితే వస్తవా?”

“వస్త.”

ఈసారి నదికి ఎవరిని తీసుకుపోవాలో జీఎం తేల్చేది శుక్రవారం. ఎండ ముదరక ముందే మేనేజర్లందరూ అల్ వక్రా సముద్రతీరానికి చేరారు. ముందు జీఎం విసిరాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తరువాత హైదరాబాదువాడు, ఫైనాన్స్ మేనేజర్ రఫీయుద్దీన్ విసిరాడు. అతని దారం జీఎం దారం పడ్డచోటు దాటి ఇంకో రెండు బారలు పోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. జీఎం మాత్రం టోపీ సర్దుకున్నాడు. అది చూసినవాడు జలంధర్ ఒక్కడే. చూశాడు గానీ అదేమిటని ఆలోచించలేదు, అప్పుడతని మనసంతా సంచిలో ఉన్న మూడు హెడ్ల మీద ఉంది.

“ఏదయ్యా?” అని సత్యనారాయణ చేయి చాపాడు.

జలంధర్ వేళ్లు సంచిలోకి పోయి తిన్నగా నడిమిదాన్ని పట్టుకున్నాయి. వాటిని విడిపించి, పెద్దది తీసి ఇచ్చాడు.

“ఇది సార్.”

“నే చెప్పలా? ఎల్-వన్.”

సత్యనారాయణ మోకాలిలోతు నీళ్లలోకి దిగి, ఊపిరి బిగబట్టి విసిరాడు. కర్ర విల్లులా వంగి అక్కడే ఉండిపోయింది. దారం బోలెడు నీళ్లు లేపుకుని, ఉండచుట్టుకుని ఆయన ముందే దబ్బున పడింది. దొంగ పురుగు ఆయన చొక్కా కాలరుకే తగులుకుంది.

“సత్యనారాయణ గారూ, చేపను పట్టాలె గానీ కొట్టి సంపుతరా ఏంది?” అన్నాడు రఫీయుద్దీన్.

జీఎం కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. నవ్వి, కుర్చీలోంచి లేచి, బూట్లతోనే నీళ్లలోకి దిగాడు. వెనక నిలబడి సత్యనారాయణ రెండు చేతులూ పట్టుకుని విసరడం నేర్పాడు. గంటసేపు నేర్పాడు. సత్యనారాయణ గంటసేపూ తల ఊపాడు. అంత సంతోషంగా ఆ దొరను కంపెనీలో ఎవరూ చూడలేదు. గట్టెక్కాక ఆయన తీర్పు చెప్పాడు: రఫీయుద్దీన్‌కు నేర్పేది ఏమీ మిగల్లేదు, నది అవసరం ఉన్నది సత్యనారాయణకు. జూలైలో ఆయనే వస్తాడు.

రఫీయుద్దీన్ సముద్రం వంక చూస్తూ నిలబడ్డాడు. జలంధర్ కూడా అటే చూశాడు.

తిరుగు దారిలో కారు నడుపుతూ సత్యనారాయణ అన్నాడు. “నీ లీవు ఆగస్టులో పెట్టుకో. ఏమీ అనుకోకు.”

“ఆగస్టుల పని లేదు సార్.”

“పోనీ డిసెంబర్లో వెళ్దువుగాని. అన్నట్టు, ఈ హెడ్డే జాగ్రత్తగా ప్యాక్ చెయ్యి. నార్వేకి ఇదే పట్టుకెళ్తా. నువ్విచ్చావు, కలిసొచ్చింది.”

జలంధర్ ఒళ్లో తడి హెడ్డు ఉంది. ఉప్పు పోయేలా గుడ్డతో తుడుస్తున్నాడు. ఎక్కడో చల్లటి ఏరు, మెడ ఎత్తి నీటిపైకి వస్తున్న చేప, దాని నెత్తిన ఈ మోకు పడటం అతనికి కనిపించింది. ఓర్చుకుందామని చూశాడు. రెండు సిగ్నళ్లు దాటేదాకా ఓర్చుకున్నాడు.

“గిది వద్దు సార్. నాలుగు వందల యాభైది తీస్కపోండ్రి. మీ కట్టెకు గదే.”

“మరి పొద్దున ఇదెందుకిచ్చావ్?”

జలంధర్ హెడ్డును గుడ్డలో చుట్టాడు. “పొద్దున గాలి వేరే ఉండె సార్.”

సత్యనారాయణ మెచ్చుకోలుగా తల ఊపాడు. “అనుభవమంటే అదయ్యా. అందుకే స్టోరు నీ చేతిలో పెట్టి నిశ్చింతగా వెళ్తున్నా.”