కుట్టు తప్పిన చోట

టాక్సీ వెనక సీటుకు చివరి కుట్టు వేసి, దారాన్ని పంటితో కొరకబోయి ఆయన ఆగిపోయాడు. పళ్లు అరిగిపోతున్నాయని నిన్ననే ఇంట్లో చీవాట్లు పడ్డాయి. కత్తెర కోసం బల్ల మీదా, బల్ల కిందా, మిషను వెనకా వెతికితే అది తన మోకాలి కిందే దొరికింది. దారం కత్తిరించి, కళ్లు మూసుకుని, కుట్టు పొడవునా బొటనవేలు జరిపాడు. వేలికి ఎక్కడా ఏదీ తగలకపోతే పని అయినట్టు లెక్క. తగల్లేదు. ఆయన ముఖం విచ్చుకుంది.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన కార్ల సీట్లకు కవర్లు కుడుతున్నాడు. మెడలో ఎప్పుడూ పసుపు రంగు కొలత టేపు వేలాడుతుంది కాబట్టి వీధి వీధంతా టేపు బాబాయి అంటుంది. ఒళ్లు సన్నం, వేళ్లు మాత్రం లావు. సీటును చూసి దాని మీద కూర్చునే మనిషిని చెప్పేయగలడు. ఎడమ పక్క కుంగితే వెనక జేబులో పర్సు పెట్టుకునే మనిషి. ముందు అంచు అరిగితే ఎప్పుడూ తొందరలో ఉండే మనిషి. వీపు దగ్గర కొత్తదిలా మెరుస్తూంటే, ఆ మనిషి ఏనాడూ వెనక్కి వాలి కాస్త ఊపిరి పీల్చుకోలేదన్నమాట. ఇన్ని కార్లలో దూరి వచ్చినా ఆయనకు కారు నడపడం రాదు. ఒకసారి నేర్చుకోబోతే కాలు కుట్టుమిషను తొక్కినట్టు తొక్కేసింది. నేర్పే ఆయన మధ్యలోనే దిగి నడిచి వెళ్లిపోయాడు.

"ఏంటి బాబాయ్, ఇంత మెత్తగా కుట్టావు? ఇంక నా ప్యాసింజర్లు దిగమన్నా దిగరు," అన్నాడు టాక్సీ యజమాని. కారులో ఉన్నా, కారు దిగినా ఒకటే గొంతు కాబట్టి ఆయన్ను అందరూ హారన్ అంటారు.

"దిగకపోతే మీటరు తిరుగుతుందిగా. ఏడుస్తావెందుకు?"

"ఏడవట్లేదులే. ఇంతకీ ఈరోజైనా కారు తేలుతుందా, లేక మళ్లీ నేను పెట్రోలు కాల్చి ఊరు తిప్పాల్సిందేనా?"

బాబాయి టేపు చుట్టి మళ్లీ విప్పాడు. కారు ఆయన భార్య కోసం. ఆరు వారాలుగా చూస్తున్నారు. మరీ పెద్దదైతే ఆమె నడపలేదు, మరీ చిన్నదైతే కొండదారిలో అడుగు నేలకు తగులుతుంది. అందుకని ఎత్తు ఎక్కువగా, ఒళ్లు పొట్టిగా ఉండే చిన్న ఎస్‌యూవీల దగ్గరికి వచ్చి ఆగారు. చూసినవాటన్నిటికీ ఆయనే వంక పెట్టాడు. చివరికి మూడు మిగిలాయి. ఒక తెల్లది, ఒక ఎర్రది, ఒక బూడిదరంగుది. ధరలు ఇంచుమించు ఒకటే. కాగితాలు సిద్ధం. మూడు షోరూముల్లోనూ ఒక్కో బండి కడిగి ఉంచారు. ఏది కావాలో చెప్పడమే తరువాయి, అదీ ఈరోజే చెప్పాలి.

ఆవిడ సూట్‌కేసంత పెట్టెతో దుకాణం మెట్లెక్కి వచ్చింది. పొట్టి మనిషి. నడకలో చిన్నపిల్లల హుషారు. వచ్చి భర్త ఎడమ పక్కన నిలబడింది. మిషను మోతకు ఆయన కుడిచెవి మందగించిందని ఆయనకంటే ముందు కనిపెట్టింది ఆవిడే. ఆస్పత్రిలో ఇరవై ఆరేళ్లుగా పిల్లలకు వినికిడి పరీక్షలు చేస్తోంది. ఆ పెట్టెలో ఉన్నది పరీక్ష యంత్రం.

"ఏమండీ, రెడీనా?"

"రెడీయే. ఓసారి ఇలా నిలబడు."

మడమ నుంచి తొడ కింది వరకు టేపు పెట్టి కొలిచాడు. ఇరవై ఏడు అంగుళాలు.

"మొన్న ఇరవై ఆరన్నారు?"

"మొన్న ఇంట్లో చెప్పుల్లేకుండా కొలిచాను. నువ్వు కారు బూట్లేసుకుని నడుపుతావుగా."

"అంటే ఆరు వారాలూ కాళ్లకు చెప్పుల్లేని నా కోసం కార్లు చూశారన్నమాట!" అని ఆవిడ పకపకా నవ్వింది. హారన్ అంతకంటే గట్టిగా నవ్వాడు. ఆయన టేపు మెడలో వేసుకుని, ఏమీ జరగనట్టు పెట్టె అందుకున్నాడు.

టాక్సీలో కొత్త సీటు మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. రేపు ఉదయం తొమ్మిదింటికి ఆవిడ సొంత వాహనంతో కొండ మీది కార్యాలయంలో హాజరు కావాలి. కొత్త ఉద్యోగం అది. వారమంతా అక్కడే ఉండి, ఏడు బడుల పిల్లలకూ ఆవిడే పరీక్షలు చేయాలి. రేపు హాజరు కాకపోతే అది జాబితాలో తర్వాతి పేరుకు వెళ్లిపోతుంది. రెండేళ్ల క్రితం అదే కొండ మీది నుంచి తొమ్మిదేళ్ల పిల్లను ఆస్పత్రికి తీసుకొచ్చారు. నాలుగేళ్లుగా వెనక బెంచీలో మొద్దు అనిపించుకుంటున్న పిల్ల. తెలివికేం తక్కువ లేదు, వినపడదు, అంతే. ఆ సాయంత్రం ఆవిడ అన్నం తినలేదు. ఇలాంటివాళ్లు ఇంకెంతమంది ఉన్నారో వెళ్లి చూడాలంది. తర్వాతి నెలే హారన్ దగ్గర డ్రైవింగు మొదలుపెట్టింది. రెండు దీపస్తంభాలు, ఒక పూలకుండీ బలయ్యాయి గానీ పట్టు వదల్లేదు. హారన్ కూడా దిగి నడిచి వెళ్లిపోలేదు.

"ఈరోజు కూడా మీకేదీ నచ్చలేదనుకోండి, మీ కుట్టుమిషనెక్కి వెళ్లిపోతాను," అంది.

"దానికి డిక్కీ లేదు," అన్నాడాయన.

తెల్ల కారుకు అన్నీ ఉన్నాయి. కప్పుకు అద్దం, ముందు టీవీ అంత తెర, తలుపు తీస్తే నేల మీద పడే నీలం వెలుగు. సీటు ఎత్తు ఇరవై ఎనిమిది. ఆవిడ కూర్చుంటే సీటు ముందు అంచు మోకాలి వెనక పొడుచుకుంది. ఆయన పెట్టెను డిక్కీలో పెట్టబోయాడు. డిక్కీ గుమ్మం నడుముకంటే ఎత్తుగా ఉంది. పెట్టెను గాల్లోకి లేపి, గుమ్మం దాటించి, మళ్లీ లోపలికి దించాలి. రోజుకు నాలుగుసార్లు. ఆయన వంగి, లేచి, భార్య నడుము వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"కానీ సన్‌రూఫ్ సార్..." అన్నాడు సేల్స్ మనిషి.

"పెట్టె పైనుంచి వేయమంటావా?" అన్నాడు హారన్. ముగ్గురూ బయటికొచ్చారు.

ఎర్రకారులో సీటు బాగుంది. వేలితో తడిమి చూసి, కుట్టిన వాడెవడో పనిమంతుడని ఆయన మనసులోనే మెచ్చుకున్నాడు. అప్పుడు ఆవిడ వంతు వచ్చింది. అద్దాలన్నీ ఎత్తించింది. ఇంజను ఆన్ చేసి, పెదాల మీద వేలు పెట్టి, కళ్లు మూసుకుంది. కారులో ఉన్నవాళ్లందరూ ఊపిరి బిగబట్టారు. హారన్ కూడా.

ఆవిడ అలా కళ్లు మూసుకున్నప్పుడల్లా ఆయనకు పెళ్లికి ముందు సంగతి గుర్తొస్తుంది. పరీక్ష గదిలో కుర్చీ కిర్రుమంటోందని ఆస్పత్రి వాళ్లు ఆయన్ను పిలిపించారు. స్ప్రింగు మార్చాడు. ఆవిడ కూర్చుని కళ్లు మూసుకుని, "ఇంకా ఉంది" అంది. ఆయనకేమీ వినపడలేదు. మర్నాడు గుడ్డ మార్చాడు. "ఇంకా ఉంది." మూడోరోజు కుర్చీని ముక్కలుగా విప్పేసి, కాలి లోపల వదులైన మేకు పట్టుకున్నాడు. ఆవిడ కూర్చుంది, కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచాక, "ఇప్పుడు మీ చెయ్యి వణకడం ఒక్కటే వినిపిస్తోంది" అంది. ఆ మాటకు ఆయన ఇప్పటికీ సిగ్గుపడతాడు.

"అడుగున గుయ్‌మంటోంది," అంది ఆవిడ కళ్లు తెరిచి. "సన్నగా. గంటసేపు దీంట్లో కొండెక్కి వెళ్తే, ఆ తర్వాత ఓ అరగంట నా చెవులు నా మాట వినవు. పరీక్ష చేసేది పిల్లలకు."

సేల్స్ మనిషి బానెట్ మీద చెవి పెట్టి విన్నాడు. హారన్ కూడా పెట్టాడు. ఇద్దరికీ ఏమీ వినపడలేదు. అయినా ఎర్రకారు అక్కడే ఉండిపోయింది.

బూడిదరంగు కారు దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. అక్కడి సేల్స్ అమ్మాయి మెడలో కండువా కట్టుకుని ఎదురొచ్చింది. "అంకుల్, మీ టేపు చూడగానే గుర్తుపట్టాను. మొన్న మా మేనేజరు కుర్చీ కూడా కొలిచారుగా."

"దాని ఎడమ కాలు పొట్టి. చెప్పావా ఆయనకు?"

"చెప్పాను. అందుకే నడుం నొప్పి అని డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేశారు!"

సీటు ఎత్తు ఇరవై ఏడుకు ఓ గీత తక్కువ. డిక్కీ గుమ్మం లేదు, పెట్టె దానంతటదే లోపలికి జారింది. ఆవిడ సీటు పక్కనున్న పిడి లాగి కాస్త పైకి లేచింది. బానెట్ చివరి దాకా కనపడింది. "అదిగో, ముక్కు కనపడుతోంది!" అని ఆవిడ స్టీరింగ్ మీద దరువేసింది. కళ్లు మూసుకుంది. తెరిచింది. "ఏమీ లేదు. అసలు ఏమీ లేదండీ." రోడ్డు మీదికి తీసుకెళ్లి, ఇరుకు సందులోంచి వెనక్కి తీసి, గతుకుల మీద పోనిచ్చి తీసుకొచ్చింది. వెనక సీట్లో హారన్ ఒక్కసారి కూడా తలుపు పిడి పట్టుకోలేదు. అది ఆయన ఇచ్చిన సర్టిఫికెట్టు.

ఇక మిగిలింది బాబాయి పని. డ్రైవరు సీటు మీది ప్లాస్టిక్ తొడుగు తీయించి, పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని కుట్ల మీద బొటనవేలు జరపడం మొదలుపెట్టాడు. వీపు బాగుంది. తలగడ బాగుంది. కూర్చునే కుషను కుడి అంచు మీదికి వచ్చి వేలు ఆగింది. మూడు కుట్లు తప్పాయి. గుడ్డ మడతలో దాక్కున్నాయి, కంటికి కనపడవు. కారు దిగిన ప్రతిసారీ ఆవిడ ఒరుసుకునేది సరిగ్గా అక్కడే. ఆరు నెలల్లో విచ్చుకుంటుంది.

"ఏమైనా ఉందా?" అని ఆవిడ అడిగింది. గొంతులో నవ్వు కాస్త తగ్గింది. "సీటు విషయంలో మీ మాటే. ఉంటే ఉందనండి."

ఈ మోడల్లో ఇంకో బండి రావాలంటే మూడు వారాలని ఆ అమ్మాయి ముందే చెప్పింది. ఉంది అని ఊరుకుంటే చాలు, ప్రయాణం ఆగిపోతుంది. అబద్ధం కూడా కాదు. సాయంత్రం ఆవిడ ఎప్పటిలాగే పెట్టె ఇంట్లో దించుతుంది. పళ్లతో దారం కొరికినందుకు తిడుతుంది. ఆయన ఎడమ పక్కన కూర్చుని రోజంతా జరిగింది చెబుతుంది. ఆరు వారాలుగా తాను కార్లకు పెట్టిన వంకలన్నీ ఆ వేలి కిందికి వచ్చి నిలబడ్డట్టు అనిపించింది. వాటిలో ఎన్ని నిజంగా సీట్లవో, ఎన్ని తనవో ఆయనకు తెలుసు.

కళ్లు తెరిచి భార్య వైపు చూశాడు. ఆవిడ రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి.

"ఉంది," అన్నాడు. "పది నిమిషాల పని."

చొక్కా కాలరు వెనక నుంచి నెలవంకలా వంగిన సూది తీశాడు. సేల్స్ అమ్మాయి కంగారుగా ముందుకొచ్చింది. "అంకుల్, అంకుల్! సీటులో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. మీరు కుట్టేస్తే..."

"అది వీపు పక్క కుట్టులో ఉంటుందమ్మా. గుద్దుకున్నప్పుడు చిట్లాలని అక్కడ కావాలనే బలం లేని దారం వేస్తారు. ఆ కుట్టు జోలికి చస్తే పోను. ఇది కింది కుషను." ఆమె కళ్లలో ఇంకా భయం చూసి, "నువ్వే టార్చి పట్టుకో. దారి తప్పితే చెయ్యి మీద కొట్టు," అన్నాడు.

ఆమె ఫోను వెలిగించి పట్టుకుంది. వంకర సూది గుడ్డలోకి మునిగి అవతల తేలింది, మళ్లీ మునిగింది. మూడు తప్పిన చోట ఏడు వేశాడు. చివర దారాన్ని అలవాటుగా పళ్ల దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఏమండీ!" అంది ఆవిడ స్టీరింగ్ ముందు నుంచి.

సేల్స్ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ కత్తెర తెచ్చింది.

మిగతా పనులన్నీ అయ్యేసరికి నాలుగు కావస్తోంది. తాత్కాలిక నంబరు అతికించారు. టాక్సీ డిక్కీలో పెట్టుకొచ్చిన ఆవిడ బట్టల సంచులు కారులోకి మారాయి. ఆయన డ్రైవరు సీటును చివరిసారి చూసి, దాని మీద షోరూము వాళ్లు మళ్లీ తొడిగిన మందపాటి ప్లాస్టిక్ తొడుగు ఊడబెరికాడు.

"కొన్నాళ్లు ఉంచుకోండి అంకుల్, మాసిపోదు," అంది ఆ అమ్మాయి.

"మాస్తే మాయనీ. దీని మీద ఒళ్లు జారుతుంది. కొండదారి."

ఆవిడ కూర్చుని అద్దం సరిచేసుకుంది. బెల్టు పెట్టుకుంది. ఒకసారి తీసి మళ్లీ పెట్టుకుంది.

"శనివారం వచ్చేస్తాను. ఫోను ఎడమ చెవికి పెట్టుకోండి. కుడిచెవికి పెట్టుకుని ఊరికే ఊకొట్టొద్దు, నాకు తెలిసిపోతుంది."

"సరే."

"సరేనా? ఇంకేం లేదా?"

ఆయన కాస్త ఆలోచించాడు. "మలుపుల్లో వెనక్కి ఆనుకుని కూర్చో. వీపు దగ్గర సీటు బాగా కుట్టారు."

ఆవిడ చెయ్యి చాచి ఆయన మెడలోని టేపు చివర పట్టుకుని ఒకసారి లాగి వదిలింది. హారన్ అటు తిరిగి ఆకాశంలోకి చూశాడు. ఇండికేటరు వెలిగింది. కారు గేటు దాటి, రోడ్డు మీద ఎవరికీ అడ్డం రాకుండా కలిసిపోయింది. ఏ చప్పుడూ లేదు. ఎడమ చెవి అటు తిప్పి విన్నా లేదు. ఆవిడ సరిగ్గానే ఎంచుకుంది.

"పద బాబాయ్, దింపుతాను," అన్నాడు హారన్. ఈసారి గొంతు మామూలు మనుషుల గొంతులా ఉంది.

దుకాణంలో ఆయన ఫ్యాను వేసి, మిషను ముందు కూర్చుని, పాలబండి సీటు ఒకటి ఒళ్లోకి లాక్కున్నాడు. చీకటి పడేలోపు అయిపోతుంది, ఆవిడా ఆలోపే చేరిపోతుంది. చంకలో పెట్టుకొచ్చిన ప్లాస్టిక్ తొడుగును ఎక్కడ పారేయాలో తెలియక, వచ్చినవాళ్లు కూర్చునే కుర్చీకి తగిలించాడు. అది ఫ్యాను గాలికి కొంచెం ఉబ్బి, కొంచెం తగ్గి, మళ్లీ ఉబ్బుతోంది. కూర్చునే చోట మాత్రం, మధ్యాహ్నం ఆవిడ కారును రోడ్డు మీద తిప్పి తెచ్చినప్పుడు పడ్డ ముడతలు అలాగే ఉన్నాయి.