మాస్టారి ఎడమ చేతిలో డస్టరు

నేను ఒక డస్టరును. నవ్వకండి! ఎవరింటి తలుపుకో కోయగా మిగిలిన టేకు ముక్కకి కింద ఇంత దుప్పటి గుడ్డ వేసి, మేకులు కొడితే నేనయ్యాను. అదృష్టం ఉంటే ఏ పెద్దింటి గుమ్మంలోనో దర్జాగా ఉండేదాన్ని. రాత బాగాలేక లెక్కల నూకరాజు మాస్టారి ఎడమ చేతిలో పడ్డాను.

కాలవ గట్టున ఉన్న మా హైస్కూల్లో ఆయన పదో తరగతికి లెక్కలు చెప్పేవారు. మహా జోరు మనిషి. కుడి చేతిలో సుద్దముక్క పరిగెడుతుంటే, వెనకే ఎడమ చేత్తో నన్ను పరిగెత్తించేవారు. కునుకు తీసేవాడు కనబడితే గాల్లోకి కూడా పంపేవారు. గంట కొట్టే ముందు "అర్థమైందా?" అంటే, "అయ్యిందండీ!" అని క్లాసంతా అరిచేది. బళ్ళో అంత ధైర్యంగా చెప్పే అబద్ధం ఇంకోటి లేదు.

అర్ధ సంవత్సరం పరీక్షలో సగం క్లాసు లెక్కలు తప్పింది. మాస్టారు నన్ను బల్ల మీద బాదుతూ "గోడకి చెప్పినా వచ్చేదిరా!" అని కేకలేశారు. అప్పుడు సత్యవేణి లేచింది. పదో తరగతి తప్పితే కుట్టుమిషను దగ్గర కూర్చోబెడతామని ఇంట్లో చెప్పేశారు పాపం ఆ పిల్లకి. ఏడుపు గొంతుతోనే అనేసింది.

"మీరు రాత్తానే తుడిచేత్తన్నారండి. మాకు మీ వీపు తప్ప ఏం కనపడట్లేదండి."

అమ్మో! మాస్టారి వేళ్లు నా చుట్టూ బిగుసుకున్నాయి. ఇక ఎగరడమే అనుకున్నాను. ఎగరలేదు. నన్ను పట్టుకునే విసవిసా స్టాఫ్ రూముకి నడిచారు.

"చూశారా అన్నపూర్ణ గారూ! గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించినట్టు, నాకు పాఠం చెప్పడం నేర్పుతోందండి ఆ పిల్ల!"

తెలుగు టీచరు అన్నపూర్ణ గారు పేపర్లు దిద్దుకుంటూనే, "కోపం తరవాతండి మాస్టారూ. ముందు అది నిజమా, కాదా?" అన్నారు.

మాస్టారు సాయంత్రం బడి వదిలాక ఖాళీ క్లాసులోకి వెళ్లి, ఎప్పటిలాగే రెండు చేతులా ఒక లెక్క చేశారు. తరవాత ఆఖరి బెంచీలో ఇరుక్కుని కూర్చుని బోర్డు చూశారు. జవాబు ఒక్కటే మిగిలి ఉంది.

"ఓరి నాయనో, ఇదెక్కణ్ణించి వచ్చిందో నాకే తెలీడం లేదే!" అని నెత్తి గోక్కున్నారు. నాకు నవ్వాగలేదు.

మర్నాడు నన్ను తెచ్చి అందరి ముందూ సత్యవేణి బెంచీ మీద పెట్టారు.

"నువ్వన్నది నిజమేనమ్మా. ఇది నీ దగ్గరుంచు. అందరూ రాసుకున్నాకే తుడువు. నేనడిగినా ఇవ్వకు."

అలవాటు అంత తొందరగా చస్తుందా! కొన్నాళ్లు ఆయన ఎడమ చెయ్యి ఉత్త గాలినే తుడిచేది. పిల్లలు కిసుక్కుమనేవారు, ఆయన చురచురా చూసేవారు. అయినా నన్ను లాక్కోలేదు. సత్యవేణి పరీక్ష గట్టెక్కి కాలేజీలో చేరింది. ఆ తరవాత ఏటా ఎవరో ఒక పిల్ల చేతికి నేను. "తుడిచేద్దామా?" అని మాస్టారు అడగడం, వెనక బెంచీలవాళ్లు "అవ్వలేదండీ!" అనడం ఆనవాయితీ అయింది. కావాలని జాగు చేసే గడుగ్గాయిలూ ఉన్నారనుకోండి.

మొన్న ఆయన రిటైరయ్యారు. ఆఖరి క్లాసులో లెక్క పూర్తి చేసి, చేతులు దులుపుకుని, "తుడిచేద్దామా?" అన్నారు. నేను మొదటి బెంచీ మీదున్నాను, అంతా చూస్తూనే ఉన్నాను. పుస్తకాలన్నీ ఎప్పుడో మూసేశారు. పెన్నులకి మూతలు కూడా పెట్టేశారు.

"అవ్వలేదండీ!" అంది క్లాసంతా.

మాస్టారు అలాగే నిలబడిపోయారు. గంట మోగింది. నన్నెవరూ ముట్టుకోలేదు.