నెత్తి మీద నంబర్ వన్

నేను ఒక ఫ్లెక్సీని. అప్పుడే ముక్కు విరవకండి. నాయకుడి పుట్టినరోజుకి వీధి మలుపులో దండాలు పెట్టే రకం కాదు నేను, చదువుల కోసం పుట్టినదాన్ని. రాజమండ్రిలో ఒక ప్రింటింగ్ షాపు వెనక గదిలో, సిరా కంపు కొట్టే మిషను నన్ను తాపీగా బయటికి కక్కింది. ఒక కుర్రవాడు నా అంచుల వెంట రింగులు కొట్టాడు. నా ఒంటి నిండా అక్షయధాత్రి ఇంజినీరింగ్ కాలేజీ భవనం, ఒక మూల చైర్మన్ గారి నవ్వు మొహం, నడుమ మామిడిపండు రంగులో మూరెడు మూరెడు అక్షరాలు: 'జిల్లాలో నంబర్ వన్'.

అది నిజమా అని నన్ను నిలదీస్తారేమో. నన్నెందుకు అడగడం? రాసింది నేనా? రాయించినవాళ్లున్నారు, అచ్చు వేసినవాళ్లున్నారు, చదివి నమ్మిన మీరున్నారు. అందర్నీ వదిలేసి నన్ను అబద్ధాలకోరు అంటే ఊరుకునేది లేదు. ఇంకో సంగతి కూడా వినండి. ఆ పూటే ఆ మిషను మరో రెండు కాలేజీలకు ఫ్లెక్సీలు వేసింది. అవీ నంబర్ వన్‌లే! మా అక్కచెల్లెళ్లం ముగ్గురం పక్కపక్కన నేల మీద ఆరుతూ ఒకర్నొకరం చూసుకున్నాం. మాకు సిగ్గనిపించలేదు. మమ్మల్ని చుట్టచుట్టి ఆటోలో వేసుకుపోయినవాళ్లకూ అనిపించలేదు.

నన్ను సామర్లకోట స్టేషన్ రోడ్డులో కట్టారు. ఎంసెట్ ఫలితాల రోజులు. తల్లులూ తండ్రులూ నా కింద ఆగి, మెడలు నొప్పెట్టేలా చూసి, ఫోన్ నంబరు రాసుకుపోయేవారు. మొప్ప ఎత్తి చూడందే చేప కొనరు ఈ మనుషులు. కిలో వంకాయలకి బజారంతా తిరుగుతారు. నాలుగేళ్ల చదువుని మాత్రం రోడ్డు మీద వేలాడే నన్ను చూసి కొనేస్తారు. అదేం తెలివో, నాకైతే అంతుపట్టలేదు.

సీజను ముగిశాక మున్సిపాలిటీవాళ్లు నా తాళ్లు కోసి కింద పడేశారు. ఆ పక్కనే లోవరాజు పునుగుల బండి. వాళ్ల చేతిలో ఓ పెద్ద పొట్లం వేడి పునుగులు పెట్టి నన్ను తెచ్చుకున్నాడు. నాలుగు వెదురు గెడలు కట్టి బండికి కప్పు వేశాడు. ఎండా వానా కాసుకోవడానికి తెల్లటి వీపు పైకి, గిరాకీలకి కంటికి కళగా ఉంటుందని బొమ్మల వైపు కిందికి తిప్పాడు. కొంప మునిగింది అక్కడే. నూనె కాగేదాకా మనిషికి పనేముంటుంది? తలెత్తి చూస్తాడు. పొద్దున్నా సాయంత్రం చూసి చూసి, మూడేళ్లు గడిచేసరికి ఆ కాలేజీ గొప్పతనం లోవరాజు బుర్రలో మేకులా దిగిపోయింది. ఎవరు చెప్పారని అడిగితే "ఊరంతా అంటన్నారండీ" అనేవాడు. ఊరంతా ఎక్కడయ్యా, అన్నది నేనొక్కదాన్నే!

లోవరాజుకి ఒక్కతే కూతురు, రత్నకుమారి. ఇంట్లో రత్నం. ఆ ఏడు ఎంసెట్ రాసింది. తను తెచ్చుకున్న ర్యాంకుకి ప్రభుత్వ కాలేజీలో సివిల్ ఇంజినీరింగ్ సీటు వస్తుంది, ఫీజు నామమాత్రం. సివిల్ అంటే ఆ పిల్లకి ఇష్టం కూడాను. తల్లి మరిడమ్మ తలుపులమ్మ తల్లికి దండం పెట్టుకుంది. లోవరాజు మొహం మాత్రం మాడిన పునుగులా అయిపోయింది. ఆ ప్రభుత్వ కాలేజీ పేరు ఏ ఫ్లెక్సీ మీదా లేదు మరి.

సరిగ్గా అప్పుడే దిగాడు భగవాన్. అక్షయధాత్రి కాలేజీకి పిల్లల్ని చేర్పించడం అతని ఉద్యోగం, అందరూ పీఆర్వో గారంటారు. మా బండి దగ్గర పునుగులు తిని చేతులు కడుక్కుంటాడే గాని జేబులో చెయ్యి పెట్టడు.

"సివిలైనా మా దగ్గర చదివితే ఆ విలువే వేరు లోవరాజూ," అన్నాడు. "మేనేజ్‌మెంట్ కోటాలో నీకోసం ఒక సీటు ఆపించాను. ర్యాంకు లేని కాలేజీలో పడేసి పిల్ల గొంతు కోస్తావా?"

ఆ సీటుకి డబ్బెక్కడిది? పెద్దాపురం రోడ్డులో మరిడమ్మకి పుట్టింటివాళ్లిచ్చిన చిన్న ఇళ్ల స్థలం ఉంది. వాళ్ల ఆస్తంతా అదే. ఉండేది అద్దె ఇల్లు. ఎప్పటికైనా ఆ స్థలంలో రెండు గదులు వేసుకోవాలని మరిడమ్మ ఆశ.

"అమ్మేత్తాను," అన్నాడు లోవరాజు. "నా కూతురు నంబర్ వన్‌లో సదవాలి."

"నాకొద్దు నాన్నా."

"నీకేటి తెల్సు?"

"నీకేటి తెల్సు? ఆ కాలేజీ గేటైనా సూసేవా?"

పిండి కలుపుతున్న మరిడమ్మ అప్పుడు అందుకుంది. "పిల్లనిచ్చే ముందు ఆళ్లింటికెల్లి ఇల్లు సూసొత్తాం గదా. నూతిలో నీళ్లున్నాయా, అత్తగారి నోరెలాటిదని పక్కింటోళ్లని కూడా అడుగుతాం. నాలుగేళ్లు పిల్లనొదిలే సోటు సూడక్కర్లేదా? రెండూ సూసొద్దాం. ఆనక అమ్ముదువు గాని."

వియ్యాలవారింటికి వెళ్తున్నట్టే బయల్దేరారు. మరిడమ్మ పట్టుచీర కట్టింది, పులిహోర కట్టింది. దారిలో వానొస్తే పనికొస్తానని లోవరాజు నన్ను కూడా విప్పి, మడిచి ఆటోలో పెట్టాడు.

ముందు ప్రభుత్వ కాలేజీ. ఉన్నమాట చెప్పాలి, చూడగానే నాకే దిగులేసింది. గోడలు పెచ్చులూడుతున్నాయి. ఆవరణలో గడ్డి మోకాలెత్తు పెరిగింది. అయితే ఎండలో కొంతమంది ఆడపిల్లలు మూడు కాళ్ల స్టాండు మీద సర్వే మిషను పెట్టుకుని నేల కొలుస్తున్నారు. ఒకమ్మాయి రత్నాన్ని పిలిచి అందులోంచి చూడనిచ్చింది.

"సార్లు తక్కువే," అంది ఆ అమ్మాయి, మరిడమ్మ గుచ్చి గుచ్చి అడిగితే. "కొన్ని పాఠాలు మేమే సదూకోవాలండి. హాస్టల్ కిటికీలకి అద్దాల్లేవు. కానీ మిషను మా సేతికిత్తారు. పాడైతే మేమే బాగుసేయించాలనుకోండి."

రత్నం ఆ మిషను దగ్గర్నుంచి ఒక పట్టాన రాలేదు.

తర్వాత నా పుట్టింటికి, అంటే అక్షయధాత్రికి, వెళ్లాం. అద్దాల మేడ, ఫౌంటెను, చల్లటి మంచినీళ్లు. భగవాన్ ఎదురొచ్చి ఏసీ గదిలో కూర్చోబెట్టాడు. రత్నం సివిల్ ల్యాబు చూస్తానంది. తాళం వేసి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో భగవాన్‌కి తెలియలేదు. అటుగా పోతున్న కుర్రాణ్ణి మరిడమ్మ పట్టుకుని అడిగితే, "పైనుంచి ఎవరైనా తనిఖీకొస్తే తీస్తారండి" అని గొంతు తగ్గించి చెప్పి జారుకున్నాడు.

ఆకలేసింది. పచ్చికలో నన్ను పరిచి, పులిహోర విప్పారు. అంతలో భగవాన్ పరుగెత్తుకొచ్చాడు.

"లేవండి, లేవండి! చైర్మన్ గారి మొహం మీద కూర్చుని తింటారా!"

మరిడమ్మ కదల్లేదు. "మూడేళ్లుగా ఆయన మా నెత్తి మీద కూకున్నాడు బాబూ. ఒక్క పూట మేం కూకుంటే అరిగిపోతాడా?"

నాకెంత సంబరమైందో చెప్పలేను. లోవరాజు మాత్రం నవ్వలేదు. చేతిలో ముద్ద అలాగే పట్టుకుని నా వంక చూస్తున్నాడు. మూడేళ్లూ తల పైకెత్తి చదివిన అక్షరాలు ఇప్పుడతని కాళ్ల దగ్గరున్నాయి. ఇన్నాళ్లూ ఊరంతా చెప్పిందనుకున్న మాట తనకి ఎవరు చెప్పారో అతనికప్పుడు తెలిసిందనుకుంటాను. పాపం, మొహం చిన్నబోయింది.

"సాయంత్రంలోగా అడ్వాన్సు కట్టకపోతే సీటు వేరేవాళ్లకి పోతుంది," అన్నాడు భగవాన్.

"నాన్నా," అంది రత్నం. "నువ్వు స్థలం అమ్మి నన్నిక్కడేత్తే నాకు రోజూ బయమే. ఒక్క పరీక్ష పోతే అమ్మ ఇల్లు కూలిపోయినట్టుంటది. అలాగ నేను సదవలేను. పరీక్ష తప్పడానిక్కూడా నాకు కాస్త సోటుండాలి నాన్నా."

"శుభమా అని చేరుతూ తప్పుతానంటుందేంటి!" అని భగవాన్ నవ్వాడు. "లోవరాజూ, చిన్నపిల్ల మాట వింటావా, కాలేజీ ర్యాంకు చూస్తావా?"

లోవరాజు ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, చెయ్యి కడుక్కుని లేచాడు. ఎప్పుడూ చేతులు కట్టుకుని మాట్లాడే మనిషి, ఆరోజు కట్టుకోలేదు. "నా కూతురు ర్యాంకు రాసి తెచ్చుకుందండి. మీ ర్యాంకు మీరే అచ్చేయించుకున్నారు. మేం ఎల్లొత్తామండి."

శభాష్! చేతులుంటే చప్పట్లు కొట్టేదాన్ని. ఆ కాలేజీ సొత్తునే గదా, ఎవరైనా లాక్కుంటారేమోనని ఒక్క క్షణం బెదిరాను. ఎవరికీ అక్కర్లేకపోయింది. లోవరాజు నన్ను దులిపి, మడిచి, చంకలో పెట్టుకున్నాడు.

రత్నం పరుపు నాలోనే చుట్టుకుని ప్రభుత్వ కాలేజీ హాస్టల్‌కి వెళ్లింది. అద్దం లేని కిటికీకి నన్ను కట్టింది. కాలేజీలకి ర్యాంకులిచ్చేవాళ్లు ఈ గదికి ఎన్ని మార్కులు వేస్తారో తెలియదు, నాకు లెక్కా లేదు. వానకి తడిసేది నేను. లోపల పుస్తకం మాత్రం తడవదు.

మొదటి సెమిస్టరు ఫలితాలొచ్చాయి. రత్నం లెక్కల్లో తప్పింది.

మర్నాడు మధ్యాహ్నం లోవరాజు వచ్చాడు, చేతిలో స్టీలు క్యారేజీ. నా గుండె దడదడలాడింది. నాకు గుండెక్కడిదని అడక్కండి, అప్పుడు మాత్రం ఉంది. విజిటర్ల బెంచీ మా కిటికీ కిందే.

"పోయిందంట గదా?"

"పోయింది నాన్నా. మళ్లీ రాత్తాను." తల దించుకోలేదు. కళ్లు తుడుచుకోలేదు.

లోవరాజు కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తర్వాత క్యారేజీ విప్పాడు. అన్నం, దాని మీద బెండకాయ వేపుడు.

"స్థలంలో మీ అమ్మ బెండ గింజలేసింది. కాపు బాగా వత్తంది," అన్నాడు. "తిని సదూకో."