మూడు చుక్కల అతుకు

పాతకాలపు కార్ల హీటర్లు బాగుచేసే ఆ మేస్త్రిని అందరూ కుంపటి అనే పిలిచేవారు. ముప్పై ఏళ్లుగా వేరే పని ముట్టనివాడికి అంతకన్నా తగిన పేరేం దొరుకుతుంది చెప్పండి! ఆయనకూ ఆ పేరంటే మురిపెమే. కూతురైతే నలుగురూ చేరినప్పుడల్లా, "ఆడపిల్లంటే గుండెల మీద కుంపటి అంటారు. మా ఇంట్లో అది తిరగబడింది. కుంపటి గుండెల మీదే నేనెక్కి కూర్చున్నా" అని అందరినీ నవ్వించేది.

ఆ హీటర్లలో పెద్ద మర్మమేమీ లేదు. ఇంజను వదిలే వేడి పొగ ఓ ఇనప గొట్టంలోంచి బయటికి పోతుంది. ఆ గొట్టం చుట్టూ ఓ రేకు పెట్టె. పెట్టెలోకి వచ్చిన చల్లగాలి గొట్టాన్ని రాసుకుని వేడెక్కి కార్లోకి వెళుతుంది. పొగ దారి పొగది, గాలి దారి గాలిది. ఆ రెండూ కలవకూడదు. కలిస్తే లోపల కూర్చున్నవాళ్లకి తెలిసేలోపే తెలివి తప్పుతుంది.

ఆ పెట్టెలు చేసే కంపెనీలు ఎప్పుడో మూతపడ్డాయి. కొత్త గొట్టం కావాలంటే దేవుడు దిగిరావాలి. అందుకని కుంపటి తుక్కు కొట్ల వెంట తిరిగి పాతవి ఏరుకొచ్చేవాడు. తుప్పు తిన్నచోట ఇత్తడి కరిగించి అతుకు వేసేవాడు. తర్వాత గొట్టం ఒక కొస మూసేసి, రెండో కొసలోంచి గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచేవాడు. ఒక్క బుడగ లేచినా అతుకు ఊడదీసి మళ్లీ మొదటికొచ్చేవాడు. లేవకపోతే అతుకు పక్కన మేకుతో మూడు చుక్కలు కొట్టేవాడు, పొయ్యికి మూడు రాళ్లలాగా. కారు మనిషి ఫోను నంబరు బీరువా తలుపు లోపలివైపు సుద్దతో రాసుకునేవాడు. పేరు కూడా రాసేవాడు కాదు. చుక్కలు పడ్డాక ఆ మనిషి మళ్లీ రానక్కర్లేదని ఆయన ధీమా. మనిషన్నాక ధీమా ఉండాలి గానీ, మరీ అంత ఉండకూడదు.

అల్లుడు ముచ్చటపడి కొనుక్కున్న పాత కారుకి రెండు వారాల కిందట హీటరు బిగించిందీ ఆయనే. తొమ్మిది నెలల మనవరాలు వెనక సీట్లో వణికిపోతుందేమోనని పెట్టెలోంచి వెనక్కి ఓ రబ్బరు గొట్టం ప్రత్యేకంగా లాగాడు. దాని నోరు సరిగ్గా పాప కాళ్ల దగ్గరికి వచ్చింది.

ఆ పాప ముద్దుపేరు సైరను. అది గొంతెత్తిందంటే వీధి కుక్కలు తోక ముడిచేవి. అలాంటి పిల్ల ఆ కారెక్కి హీటరు వేయగానే పది నిమిషాల్లో గుర్రుపెట్టేది. "మావయ్యా, మీరు బిగించింది హీటరు కాదు, జోలపాట" అని అల్లుడు రెండు చేతులూ జోడించాడు. వెనక పాప పక్కనే కూర్చునే కూతురికి మాత్రం కారు దిగగానే తలనొప్పి పట్టుకునేది. "నీకు చిన్నప్పట్నుంచీ కారు పడదులే" అంది తల్లి. దాంతో ఆ మాట అక్కడే ఆగిపోయింది.

ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి ముగ్గురూ కొండ మీదున్న స్నేహితుల ఇంటికి బయలుదేరారు. మూడు గంటల ఎత్తు దారి. ఆ కారు కొండెక్కడం అదే మొదలు. "అద్దాలు దించకండర్రా, పాపకి గాలి తగులుతుంది" అని కుంపటే దగ్గరుండి నాలుగద్దాలూ ఎత్తించాడు.

తొమ్మిదిన్నరకి తుక్కు కొట్టు నడిపే బావమరిది వచ్చాడు. భుజం మీది హీటరు పెట్టెని బల్ల మీద దబ్బున పడేసి, "నీకు కావాల్సిన సైజే బావా. ఎవడికీ ఇవ్వకుండా దాచా. ముందు టీ పోయించు, తర్వాత పొగుడుదువుగాని" అన్నాడు.

"నిన్ను పొగిడితే నా నోరు పుండైపోతుంది" అంటూ కుంపటి మరలు విప్పాడు.

రేకు ఊడొచ్చింది. లోపలి గొట్టం నిండా మసి. గుడ్డ పెట్టి తుడిచేసరికి ఇత్తడి మెరిసింది. పక్కనే మూడు చుక్కలు.

"ఓరి నీ! ఇది నా అతుకేరా!" తప్పిపోయిన ఆవు ఇల్లు చేరినంత సంబరపడ్డాడు కుంపటి. ఉండబట్టలేక అప్పటికప్పుడు గాలి కొట్టి తొట్టిలో ముంచాడు. ఒక్క బుడగ లేవలేదు. "చూశావా? ఇన్నేళ్లయినా చెక్కుచెదరలేదు. ఇంతకీ ఏ కారుదిది?"

"ఏమో బావా. బండిని ఎవడో ముక్కలు చేసి అమ్మేశాడు. నా దాకా పెట్టె ఒక్కటే వచ్చింది. పాపం, మొగుడూ పెళ్లాం అందులోనే పోయారట. కొండ దారిలో పక్కకి ఆపుకుని కునుకు తీశారట, ఇంజను ఆపకుండా. కారుకి ఒక్క గీత పడలేదు. అద్దాలన్నీ ఎత్తినవి ఎత్తినట్టే ఉన్నాయి. నిద్రలోనే, హాయిగా... పోతే అలా పోవాలి."

కుంపటి చేతిలో గొట్టం అలాగే ఉండిపోయింది. నీళ్లు మోచేతి మీంచి కారి చొక్కా తడుపుతున్నా ఆయనకి తెలియలేదు.

"హీటరు వేసే ఉందా?"

"చలికాలం కదా, వేయకుండా ఎలా ఉంటారు?"

తొట్టిలో నీళ్లు చల్లన. ముంచిన గొట్టమూ చల్లనే. ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా వేడి మీద అతుకుని పరీక్షించలేదు ఆయన. వేడెక్కితే ఇనుము ఒక తీరుగా సాగుతుంది, ఇత్తడి ఇంకో తీరుగా సాగుతుంది. ఆ సంగతి తెలియక కాదు. తెలిసినది బుర్రలో ఓ మూల పడి ఉంది, చేతులు వాటి అలవాటున అవి పోయాయి, అంతే.

గొట్టాన్ని బల్ల అంచునున్న వైస్‌ పట్టులో బిగించి, ఒక కొస మూసి, రెండో కొసకి పొడుగాటి రబ్బరు ట్యూబు తగిలించాడు. గ్యాస్ టార్చి వెలిగించి అతుకు మీద మంట పెట్టాడు. ఇనుము మెల్లగా ఎరుపెక్కసాగింది.

"నీ సిగరెట్టు ముట్టించి ఈ ట్యూబులోకి పొగ ఊదు."

"మతి గాని పోయిందా బావా?"

"ఊదరా!"

బావమరిది ఊదాడు. ఇత్తడి అంచున, మూడు చుక్కల పక్క నుంచి, దారం పోగంత సన్నగా పొగ లేచింది. కుంపటి మంట ఆపేశాడు. గొట్టం చల్లబడేకొద్దీ ఆ పోగు సన్నబడింది, ఆగిపోయింది. అతుకు మళ్లీ ఏమీ ఎరగనట్టు నోరు మూసుకుంది.

బావమరిది సిగరెట్టు నేలకేసి నలిపాడు. "బావా, అల్లుడి కారుకి కూడా..." అని మాట మింగేశాడు.

గోడ గడియారం పది చూపిస్తోంది. కుంపటి అల్లుడికి ఫోను చేశాడు. అందడం లేదంది. కూతురికి చేశాడు. మోగి మోగి ఆగిపోయింది.

భార్య టీ గ్లాసులతో వచ్చింది. "ఎవరికండీ, అమ్మాయికా? ఎందుకు లేపుతారు? ఇందాకే మెసేజ్ పెట్టింది. 'మీ సైరను ఎక్కీ ఎక్కగానే పడుకుంది, నాకూ కళ్లు మూతలు పడుతున్నాయి' అని. ఈ మధ్య దానికి నిద్రే లేదు, పాపం పడుకోనివ్వండి."

ఆయన ఆవిడ మొహంకేసి చూడలేకపోయాడు. మళ్లీ నొక్కాడు.

"ఊఁ... నాన్నా..." దుప్పటి కిందనుంచి వచ్చినట్టుంది గొంతు.

"బండి ఆపమను! హీటరు ఆపు, అద్దాలు దించు!"

"చలి నాన్నా... పాప ఇప్పుడే..."

"లేపు దాన్ని! లేపి బయటికి తీసుకుపో! నీ కాళ్లు పట్టుకుంటానమ్మా, దాన్ని ఏడిపించు!"

గ్లాసులు కింద పడ్డాయి. ఆయన కేకలు అల్లుడికీ వినబడ్డట్టున్నాయి, అవతల బ్రేకు కీచుమంది. తలుపు తెరిచిన చప్పుడు, ఆ వెంటే హోరుమని గాలి. "ఏమైంది మావయ్యా? నాకూ తల దిమ్ముగా ఉంది" అని అల్లుడి గొంతు ఎక్కణ్నుంచో వినిపించింది. తర్వాత కూతురి గొంతు. ఈసారి నిద్రమత్తు లేదు అందులో.

"నాన్నా, లేవట్లేదు. పాప లేవట్లేదు నాన్నా!"

"గిల్లు! అరికాళ్ల మీద కొట్టు! గాలికి ఎదురుగా పట్టుకో!"

ఆ పిల్లని ఎవరైనా గట్టిగా కసిరితేనే ఓర్చుకోలేని మనిషి ఆయన. ఫోను చెవికి అదుముకుని నిలబడ్డాడు. గాలి హోరు తప్ప ఏమీ లేదు. కూతురు ఏదో పిలుస్తోంది, మళ్లీ పిలుస్తోంది. ఆ కాసేపట్లో ఆయన మొక్కని దేవుడు లేడు.

సన్నగా ఓ మూలుగు. ఓ దగ్గు. ఆ తర్వాత సైరను మోగింది.

కుంపటి నేల మీద కూలబడ్డాడు. "ఏడువు తల్లీ, ఇంకా ఏడువు" అంటూ తనూ బావురుమన్నాడు. ఆ కారు మళ్లీ ఎక్కొద్దని, వచ్చే పోయే బండి ఏదో ఒకటి ఆపి ముగ్గురూ హాస్పిటల్‌కి పొమ్మని బావమరిది ఫోను లాక్కుని చెప్పాడు. భార్య కొంగుతో మొహం తుడుచుకుని, "అమ్మయ్య, గండం గడిచింది" అంది.

"మనకి" అన్నాడు కుంపటి.

లేచి వెళ్లి బీరువా తలుపు తెరిచాడు. లోపలివైపు సుద్దతో రాసిన నంబర్లు, అల్లుడిది కాక నూట పద్నాలుగు. అన్నీ ఆయన చేతిరాతే. అన్నీ మూడు చుక్కలవే. వాటిలో ఒక నంబరుకి ఇక ఎవరూ పలకరు. అది ఏదో ఆయనకి తెలియదు.

పై నుంచి మొదటి నంబరు నొక్కి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల మోగుతోంది. ఇంకా మోగుతూనే ఉంది.