వెర్నెల్ కుడిపక్క

ఉప్పునీళ్ళు రెండోసారి పొంగేసరికి వెర్నెల్ టగిల్ చిల్లుల గరిటెతో ఒక వేరుశనక్కాయ పైకి తీసి, ఊది, ఒలిచి నోట్లో వేసుకుంది. ఇంకా కాస్త ఉడకాలి. మూత పెట్టి, వంగి మంట తగ్గించింది. వంగినప్పుడల్లా కుడి మోచేయి నడుముకు ఆనించుకోవడం ఆమెకు అలవాటు. ఏప్రన్ కింద, వదులు చొక్కా కింద, బెల్టుకున్న తోలు ఒరలో చిన్న రివాల్వర్ ఉంది. ఉన్న సంగతి మోచేతికి తెలిస్తే చాలు, ఇంకెవరికీ తెలియనక్కర్లేదు.

జార్జియాలో మా ఊరి పార్కుకి శనివారం బేస్‌బాల్ చూడ్డానికి వచ్చినవాళ్ళెవరూ ఆమె దగ్గర పల్లీలు కొనకుండా ఇంటికి పోరు. పొడగరి మనిషి. డెబ్బై దాటినా వీపు వంగలేదు. ఎండకి కమిలిన ముఖంలో నవ్వు తొందరగా రాదు గానీ వస్తే అంత తొందరగా పోదు. పిల్లలు వచ్చి వాటేసుకుంటారు. అందరినీ ఎడమవైపుకే తీసుకుంటుంది. కుడివైపు నుంచి వచ్చిన పిల్లని భుజం పట్టుకుని మెల్లగా తిప్పేస్తుంది. అదేం చాదస్తమోనని జనం నవ్వుకుంటారు. నవ్వుకోనీ అనుకుంటుంది ఆమె.

ఒకప్పుడు ఆమె దగ్గర తుపాకీ లేదు. ఓ సాయంత్రం చీకటి పడుతుండగా, బండిని ట్రక్కుకి ఎక్కిస్తున్న వేళ, వెనకనుంచి ఎవరో తోసేసి డబ్బుల డబ్బా పట్టుకుపోయారు. ఎడమ మణికట్టు విరిగింది, ఇప్పటికీ వంకరగానే ఉంది. ఇక ఇంట్లో కూర్చోమని అందరూ చెప్పారు. కూర్చుంటే తనకింకేం మిగులుతుంది? చర్చి హాల్లో ఆడవాళ్ళకి తుపాకీ నేర్పే ఆర్డిత్ కెల్ దగ్గరికి వెళ్ళి నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది. పార్కులోకి తేకూడదన్న రోజుల్లో ఒక్కనాడు కూడా తేలేదు. గేటు బయట ట్రక్కులోనే పెట్టి తాళం వేసేది. చట్టం మారి, పార్కు పనులు చూసే హోయిట్ గొణుక్కుంటూ తుపాకులు తేకూడదని గేటుకున్న బోర్డు విప్పేశాకే నడుముకి కట్టుకుని లోపలికి నడిచింది. ఆ రోజు నుంచి చీకటి పడ్డా భయం లేకుండా బండి సర్దుకుంటోంది. ఇన్నేళ్ళలో దాన్ని ఎవరిమీదా ఎత్తలేదు, ఎవరి కంటా పడనివ్వలేదు. ఆమె గర్వమంతా అదే.

ఆర్డిత్ నేర్పినవాటిలో గురి చూడ్డం కన్నా గట్టిగా నేర్పింది ఒకటుంది. బాత్రూంలో కూర్చున్నా సరే, తుపాకీ ఒరలోంచి బయటికి రాకూడదు. బట్టలతోపాటు కాళ్ళ దగ్గర ఉండాల్సిందే గానీ పక్కన పెట్టకూడదు. చివరి రోజున అందరిచేతా ఒక మాట తీసుకుంది. పక్కన పెట్టి మర్చిపోయిన రోజున, సాకులు చెప్పకుండా ఆ తుపాకీని తెచ్చి తన బల్లమీద పెట్టెయ్యాలి, మళ్ళీ కట్టుకోకూడదు.

ఆ శనివారం పొద్దుటినుంచీ వెర్నెల్ మోకాలు పోటు పెడుతోంది. మధ్యాహ్నం బండి హోయిట్‌కి అప్పజెప్పి బాత్రూంకి వెళ్ళింది. "మీ పల్లీలు ఎవరెత్తుకుపోతారు మిస్ వెర్నెల్, నేను తప్ప?" అన్నాడతను, అప్పటికే ఒకటి నోట్లో వేసుకుంటూ. ఉన్నది ఒక్కటే గది. కూర్చోబోతే బెల్టు బరువుకి లాగింది, మోకాలు సహకరించలేదు. ఒక్క నిమిషమే కదా అని రివాల్వర్ తీసి గోడకున్న టాయిలెట్ కాగితం పెట్టె మీద పెట్టింది. అంతలో తలుపు మీద చిన్న చెయ్యి తట్టింది. ఆగలేను, తొందరగా రమ్మని ఓ పిల్ల గొంతు బతిమాలింది. పాపం పసిదని గబగబా సర్దుకుని బయటికొచ్చింది. ఆట బట్టల్లో ఉన్న ఏడెనిమిదేళ్ళ పిల్ల ఆమెని తోసుకుంటూ లోపలికి పరుగెత్తింది.

బండి దగ్గరికి వచ్చి మంట చూద్దామని వంగింది. మోచేతికి మెత్తగా తోలు తగిలింది. ఒర ఖాళీ.

మోకాలు ఉన్నదని మర్చిపోయి పరుగెత్తింది. దారి పొడుగునా తుపాకీ పేలిన చప్పుడు వినిపిస్తుందేమోనని భయపడింది. ఆ చప్పుడు రాలేదు. బాత్రూం ముందు ఆ పిల్ల తలుపుకి వీపు ఆనించి, కాళ్ళు మెలిపెట్టుకుని నిలబడి ఉంది. ముఖం ఎర్రగా కందిపోయింది.

"లోపలికి ఎవరూ వెళ్ళకూడదు. పెద్దవాళ్ళు రావాలి."

"నేను పెద్దదాన్నే తల్లీ."

"లోపల తుపాకీ ఉంది. నేను ముట్టుకోలేదు. ముట్టుకోకూడదు, ఎవర్నీ ముట్టుకోనివ్వకూడదని మా నాన్న చెప్పాడు." పిల్ల ఆమెని ఎగాదిగా చూసింది. "అది మీదా?"

కాదనడానికి క్షణం కూడా పట్టదు. తీసుకెళ్ళి ఎవరికైనా ఇస్తానంటే చాలు, ఆ పిల్ల నమ్మేది.

"నాదే. మర్చిపోయాను."

లోపలికెళ్ళి, రివాల్వర్ తీసి ఒరలో పెట్టుకుని, తలుపు తెరిచి పట్టుకుంది. "ఇక వెళ్ళు. చాలాసేపు ఆగావు," అంది. పిల్ల ఒక్క గెంతులో లోపలికి దూరింది.

పిల్ల పేరు డెలానీ. బయటికొచ్చాక వెర్నెల్ తనే చెయ్యి పట్టుకుని, మెట్లమీద కూర్చుని ఆట చూస్తున్న వాళ్ళమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. మోకాలి మాట ఎత్తలేదు. తల్లి ముఖం పాలిపోయింది. పిల్లని దగ్గరికి లాక్కుంది.

"మీరు పిల్లని బాగా పెంచారమ్మా," అంది వెర్నెల్. "నాకు నేర్పింది నేను మర్చిపోయాను. ఇది మర్చిపోలేదు." ఆ మాట చెప్పేటప్పుడు సిగ్గుతో పాటు, తనది కాని ఆ పిల్లని చూసి ఆమెకి గర్వం కూడా కలిగింది.

రివాల్వర్ ట్రక్కులో పెట్టి తాళం వేసి, అప్పటికి ఉడికిన కాయలు మాత్రం అమ్మేసి, ఇంకా వెలుతురుండగానే ఆర్డిత్ ఇంటికి వెళ్ళింది. గుళ్ళు తీసేసిన రివాల్వర్‌ని వంటింటి బల్లమీద పెట్టింది. ఆర్డిత్ దానికేసి చూసింది గానీ ముట్టుకోలేదు.

"ఎవరికీ ఏం కాలేదుగా. దీన్ని తెమ్మని ఎవరడిగారు నిన్ను?"

"నువ్వే అడిగావు. చర్చి హాల్లో."

ఆర్డిత్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఎంతమంది చేతనో మాట తీసుకున్నా వెర్నెల్. అందరూ బుద్ధిగా తలూపారు. వాళ్ళలో మర్చిపోయినవాళ్ళు లేరంటావా? తెచ్చింది నువ్వొక్కదానివే."

వెర్నెల్ రివాల్వర్‌ని బల్లమీదే వదిలేసి, వీపు ఇంకాస్త నిటారుగా చేసుకుని బయటికి నడిచింది. ఇంటికెళ్ళేదాకా ఏడవలేదు.

మరుసటి శనివారం సాయంత్రం, చీకటి పడే వేళకి వెర్నెల్ బండి సర్దుకుంటుంటే హోయిట్ అవసరం లేకపోయినా గేటు దగ్గర తాళాలగుత్తి ఊపుకుంటూ నిలబడ్డాడు. ఎవరి కోసమని అడిగింది. తాళం బిగుసుకుపోయిందన్నాడు. తాళం బాగానే ఉందని ఆమెకి తెలుసు. అప్పుడే డెలానీ పరుగున వచ్చి కుడివైపు నుంచి ఆమె నడుముని వాటేసుకుంది. భుజం పట్టుకుని తిప్పబోయిన చెయ్యి గాల్లోనే ఆగి, మెల్లగా పిల్ల తలమీద వాలింది.

బండి పక్కన మేకుకి తోలు ఒర వేలాడుతోంది. రివాల్వర్ ఆకారం ఇంకా పోని ఆ తోలులో వెర్నెల్ చిల్లుల గరిటె దూర్చింది. అది సరిగ్గా ఇమడక ఓ పక్కకి ఒరిగి ఉంది.