రోకబ్రూనల మధ్య ఒక ములిస్త్

చిక్కుడు గింజలు శనివారం పొద్దున్నే నానబెట్టాలి. ఆ సంగతి ఇసిద్రె ములిస్త్‌కి ఒకరు గుర్తుచేయక్కర్లేదు. కానీ ఆ ఏడు బకెట్టు ఎత్తబోతే నడుం పట్టేసింది. నీళ్ళ తొట్టి గట్టు మీద కూలబడి, "ఇంక నా వల్ల కాదురా నాయనా" అని పైకే అనేశాడు. వినడానికి కుక్క తప్ప ఎవరూ లేరు. భార్య ఎంగ్రాసియ పోయి అప్పటికి రెండు చలికాలాలు దాటాయి.

మర్నాడు రోకబ్రూనల సభ. ఆ ఇంటిపేరున్న వాళ్ళంతా, బార్సెలోనా నుంచీ విక్ నుంచీ, ఫ్రాన్స్ సరిహద్దు దాటి పెర్పిన్యా నుంచీ కూడా, ఏటా అక్టోబరు మొదటి ఆదివారం తమ పేరు పుట్టిన ఇంటికి వస్తారు. ప్రార్థన చేసుకుని, పీకల దాకా తిని, ఫోటో దిగి పోతారు. ఆ ఇల్లు ఇదే. కొండ మీద రాతి ఇల్లు. భోజనాల గదిలో గోడ నిండా వంశంలోని గొప్పవాళ్ళ పటాలు. ఫిలిప్పీన్స్ వెళ్ళి జ్వరంతో పోయిన బిషప్పు, మిలాన్‌లో పాడి పేరు తెచ్చుకున్న పాటగత్తె, ఎలాంటి మరకనైనా వదిలించే సబ్బు కనిపెట్టినాయన, పిరెనీస్ కొండలెక్కే పందెంలో మూడోవాడిగా వచ్చిన సైకిలు వీరుడు. తలుపు వెనక ఓ మూల, విక్ బజారులో ఉరి తీసిన దారిదోపిడీ దొంగ. దొంగ పటం ఉంచాలా తీసెయ్యాలా అని ఏటా ఓ గొడవ అవుతుంది, ఏటా వాడు అక్కడే ఉంటాడు.

వీళ్ళందరి మొహాలు చూస్తూ ఇసిద్రె నలభై ఏళ్ళుగా సూపు తాగుతున్నాడు. వాళ్ళ మీద దుమ్ము దులిపేది ఆయనే. వానకి బిషప్పు నెత్తి మీద కారితే పైకెక్కి పెంకులు మార్చేదీ ఆయనే. ఆ గోడ మీద ఆయన తాలూకు మనిషి ఒక్కడు లేడు. ఉండటానికి ములిస్త్‌లు ఏం ఉద్ధరించారు గనక? తండ్రి అడవిలో కట్టెలు పేర్చి, బొగ్గులు కాల్చి అమ్ముకునేవాడు. ఆ ఇంట్లో ఎవడూ బిషప్పు కాలేదు, సైకిలు తొక్కి పేపరుకెక్కలేదు.

ఇసిద్రె ఇల్లరికం వచ్చాడు. ఎంగ్రాసియకి అన్నదమ్ములు లేరు, ఇల్లూ పొలమూ ఆమెవే. ఆ కొండల్లో మనిషి కన్నా ఇల్లు పెద్దది. ఎవరు ఏ ఇంట్లో ఉంటే ఊరు ఆ ఇంటి పేరే పెట్టి పిలుస్తుంది. పెళ్ళయిన వారానికే సంతలో ఎవరో "ఏమోయ్ రోకబ్రూనా!" అని కేకేస్తే, మామగారు వచ్చారేమోనని వెనక్కి తిరిగి చూశాడు పిచ్చి మొహం. మెల్లమెల్లగా పలకడం నేర్చుకున్నాడు. పశువుల డాక్టరుకీ, పోస్టుమాన్‌కీ, చర్చి ఫాదరుకీ ఆయన రోకబ్రూనే. సొంత పేరు రెండే చోట్ల మిగిలింది. ఒకటి జేబులో గుర్తింపు కార్డు మీద. రెండోది కూతురి పేరులో. కెరాల్ ములిస్త్ రోకబ్రూన. తండ్రిది ముందు, తల్లిది వెనక, ఆ దేశంలో అందరికీ ఉన్నట్టే.

ఇంకో చిత్రం చూడండి. ఏడాదంతా రోకబ్రూన అని పిలిచే మనిషిని ఈ ఒక్క సభ రోజున మాత్రం ఎవరూ అలా పిలవరు. పిలిస్తే రెండు వందల తలలు తిరుగుతాయి మరి! ఆ రోజు ఆయన "ఎంగ్రాసియ మొగుడు". లేదంటే "వంటాయన". ఫోటోలోకి కూడా రానివ్వరు. ముందో వెనకో ఆ ఇంటిపేరు ఉన్నవాళ్ళకే ఫోటో. అల్లుళ్ళూ కోడళ్ళూ కెమెరా వెనక నిలబడి తమ పిల్లల్ని "ఇటు చూడండ్రా, నవ్వండ్రా" అని బతిమాలుకోవాలి.

మధ్యాహ్నానికి కెరాల్ విక్ నుంచి దిగింది. అక్కడ బళ్ళో పిల్లలకి సంగీతం చెబుతుంది. ముప్పై దాటినా ఇంకా పెళ్ళి మాట ఎత్తదు. కారు దిగీ దిగగానే తండ్రి నడక చూసి మొహం చిట్లించింది.

"మళ్ళీ బకెట్టెత్తావు కదూ?"

"దానంతటది లేవదు కదే."

"నేనొచ్చేదాకా ఆగలేవా?"

"గింజలు ఆగవు."

ఆమె చొక్కా చేతులు మడిచి, మిగతా నీళ్ళు తనే మోసింది. ఎవరూ చెప్పకుండానే తొట్టి చుట్టూ ఊడ్చింది. ఇసిద్రెకి అర్థమైంది, ఏదో ఉందని. ఆమె తల్లి కూడా అంతే, చెప్పాల్సింది ఉంటే ముందు పని అంతా చేసేసేది.

"నోటరీ గారు మళ్ళీ ఫోన్ చేశారు నాన్నా."

నోటరీ గారంటే ఎవుదాల్ రోకబ్రూన, రోకబ్రూనల సంఘానికి అధ్యక్షుడు. ఉద్యోగం వదిలి చాలా కాలమైనా ఆ పిలుపు ఆయన్ని వదల్లేదు. ఎంగ్రాసియ పోయినప్పటి నుంచి ఆయనకి ఒకటే బెంగ. ఆ ఇల్లు కట్టిన నాటి నుంచి ఆమె పోయేదాకా, ముందు పేరు రోకబ్రూన అయిన మనిషి లేకుండా అందులో ఒక్క రోజు గడవలేదట. ఇప్పుడు ఇల్లు కెరాల్‌ది, ఆమె ముందు పేరేమో ములిస్త్. కాబట్టి పేర్లు ముందువెనకలు చేసుకో అంటాడు. కొత్త చట్టం ఉంది, పెద్దవాళ్ళెవరైనా ఆఫీసుకెళ్ళి ఒక్క సంతకం పెడితే చాలు. ఆమె ఊఁ అంటే రేపు ఫోటోకి ముందు అందరికీ చెప్పి, నడిమి కుర్చీలో, ఎంగ్రాసియ కూర్చునే కుర్చీలో, ఆమెని కూర్చోబెడతాడట.

"నువ్వేమంటావు?" అంది కెరాల్.

"నేననేదేముంది? పెద్దదానివి. నీ పేరు, నీ ఇష్టం."

"ఆ మాట నాకొద్దు. అవునంటే అవునను, కాదంటే కాదను. నీ నోటితో చెప్పు."

"చట్టం నన్ను అడగమందా ఏమిటి?"

"చట్టం అడగమనలేదు. నేనడుగుతున్నాను." ఆమె బకెట్టు కింద పెట్టింది. "అమ్మ కూడా అంది నాన్నా. ఆస్పత్రిలో. ఇంటి పేరు ఇల్లు దాటిపోకుండా చూడవే అంది."

ఇసిద్రె గింజల వైపు చూస్తూ "అలాగా" అన్నాడు.

ఇంకేమంటాడు? నలభై ఏళ్ళు పక్కన పడుకున్న మనిషి, తనతో ఒక్క ముక్క అనకుండా కూతురికి చెప్పి పోయింది. ఆ సాయంత్రమంతా పొయ్యి రాళ్ళు సర్దుతూనే ఉన్నాడు గానీ, లోపల ఏదో కోసుకుపోయింది. ఆయన అన్నదమ్ముల్లో ఒకడు మఠంలో చేరాడు, ఒకడు మిల్లులో చేయి నలిగి చచ్చిపోయాడు, ఇంకొకడికి పిల్లలే లేరు. మిగిలింది కెరాల్ ఒక్కతే. పిల్లలకి అందేది తల్లిదండ్రుల ముందు పేర్లే. వెనక్కి నెట్టిన పేరు ఆమె పిల్లల దాకా అందదు, ఒక్క తరంలో రాలిపోతుంది. రాలితే ఏమైంది, బొగ్గులమ్ముకునేవాడి పేరు, ఎవడేడుస్తాడు దానికోసం అనుకున్నాడు. అనుకున్న కాసేపటికే తనకే ఏడుపొచ్చింది. ఒళ్ళు అలిసిపోయింది, అందుకే ఇలా ఉందిలే అని సర్దిచెప్పుకుని పడుకున్నాడు.

ఆదివారం ఎండ బాగా కాసింది. రెండు వందల మందికి సరిపోయే వెడల్పాటి బాండీలో అన్నం ఉడుకుతోంది. పక్క నిప్పుల మీద సాసేజీలు చిటపటలాడుతున్నాయి. పొగ పడని వైపున కుర్చీ వేయించుకుని తేక్లా అత్త కూర్చుంది. ఎంగ్రాసియకి మేనత్త, తొంభైకి దగ్గర పడింది, నోరు మాత్రం పాతికేళ్ళది.

"అల్లుడూ, ఉప్పు చూశావా? పోయినసారి సముద్రం కలిపేశావు."

"పోయినసారి సభే జరగలేదు అత్తా. ఎంగ్రాసియ పోయి అప్పటికి ఏడాది తిరగలేదుగా."

"అయితే అంతకుముందు. కలిపావా లేదా?"

"కలిపాను."

"అలా ఒప్పుకో." ఆమె గొంతు తగ్గించింది. "ఆ నోటరీగాడు పిల్లకి పేరు తిరగేయిస్తాడటగా? వాడికేం పనీపాటా లేదా?"

"ఏమో అత్తా. వాళ్ళ గొప్పలు వాళ్ళవి."

"ఏం గొప్పలయ్యా! ఆ బిషప్పు వెళ్ళినవాడు వెళ్ళినట్టే, తల్లికి ఒక్క కబురు పంపలేదు. పాటగత్తె బురదని ఈ కొండే ఎక్కలేదు. సబ్బాయన చిన్నప్పుడు పారిపోయాడు, గొర్రెలు కాయలేక. దొంగ వెధవ ఒక్కడే, పట్టుబడేదాకా రాత్రిళ్ళు ఇంటికొచ్చి పడుకునేవాడట. నాకు వాడే నయం."

ఇసిద్రె నవ్వాడు, నవ్వితే నడుం కలుక్కుమంది. అప్పుడే నోటరీ గారు తెల్ల చొక్కా మీద పొగ పడకుండా చుట్టూ తిరిగి వచ్చారు.

"ఘుమఘుమలాడిపోతోందయ్యా! అన్నట్టు, అమ్మాయి చెప్పే ఉంటుంది. నీకేం అభ్యంతరం ఉండదులే. నువ్వు మాలో ఒకడివేగా."

"ఫోటోలో తప్ప" అంది తేక్లా అత్త.

నోటరీ గారు వినిపించుకోలేదు. అలాంటివి ఆయనకి వినపడవు.

భోజనాలయ్యాయి. ఆనవాయితీ ప్రకారం నోటరీ గారు బల్ల ఎక్కి గొప్పవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదివారు. ఒక్కో పేరుకీ అందరూ గ్లాసులెత్తి "ఉన్నాం!" అని అరిచారు. సైకిలు వీరుడికి కుర్రాళ్ళు ఈలలు వేశారు. దొంగ పేరు చదవకుండా దాటవేస్తే వెనకనించి పది గొంతులు "వాడేడీ?" అని లేచాయి, చచ్చినట్టు చదివారు. ఇసిద్రె బాండీకి అంటిన మాడు గీకుతూ అంతా విన్నాడు. ఏటా వినేదే. ఆ రోజు మాత్రం ప్రతి పేరూ వీపు మీద బస్తా వేసినట్టే ఉంది.

ఫోటోకి బెంచీలు వేశారు. మెట్లమీద పొడుగువాళ్ళు, కింద పిల్లలు, నడిమి కుర్చీ ఖాళీ. నోటరీ గారు కెరాల్ కోసం చెయ్యి చాపారు. ఆమె ఆ చెయ్యి పక్కనించి నడుచుకుంటూ పొయ్యి దగ్గరికి వచ్చి, తండ్రి ఎదురుగా నిలబడింది.

"చెప్పు నాన్నా."

"ఇప్పుడా? అందరూ చూస్తున్నారే."

"చూడనీ."

"అమ్మాయ్, ఎండ కొండ వెనక్కి పోతోంది!" అని నోటరీ గారు అరిచారు.

నీ ఇష్టం. ఆ మాట నాలుక చివరే ఉంది. ట్రాక్టరు కొన్నప్పుడు ఎంగ్రాసియతో అదే అన్నాడు. పిల్లని చదువుకి విక్ పంపినప్పుడూ అదే. దిగువ పొలం కౌలుకిచ్చినప్పుడూ, పెళ్ళి రోజున మామగారు "ఈ ఇంట్లో ఇలా ఉండాలి" అని చెప్పినప్పుడూ అదే. అనడం చాలా తేలిక, అనేస్తే అందరూ వెళ్ళిపోతారు, బాండీ కడుక్కుని పడుకోవచ్చు. కానీ ఆ రోజు అది అనే ఓపిక కూడా ఆయన దగ్గర లేదు.

"వద్దు" అన్నాడు.

చేతిలో గరిటె పక్కన పెట్టాడు.

"వద్దమ్మా. మార్చకు. నాదీ ఒక పేరే. బొగ్గులమ్మినవాడిదైతేనేం? మీ అమ్మ అడిగిందని తెలుసు. అయినా వద్దు. దాన్ని ముందే ఉండనీ. నాకు కావాలి."

కెరాల్ తలూపి వెనక్కి వెళ్ళి, రెండు వందల మంది ముందూ "మార్చను" అంది. గుసగుసలు లేచాయి. నోటరీ గారి మొహం కందగడ్డయింది. "మీ అమ్మ ఆఖరి కోరికని నువ్వే చెప్పావు కదమ్మా, ఈ కుర్చీ ఖాళీగా..." అంటూండగానే, తేక్లా అత్త కర్ర టకటకలాడిస్తూ వచ్చి ఆ కుర్చీలో కూలబడింది. "ముందు పేరేగా కావాల్సింది? నాకుంది. కాళ్ళు లాగుతున్నాయి, కానివ్వండి" అంది. ఎవరో పకపకా నవ్వారు, కెమెరా అతను ఆ నవ్వులోనే నొక్కేశాడు. కెరాల్ రెండో వరసలో, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడింది.

కార్లన్నీ కొండ దిగిపోయాక ఆమె బాండీకి రెండో పక్కన కూర్చుని తోమడం మొదలుపెట్టింది. ఇసిద్రెకి వద్దన్నానన్న ధైర్యమేమీ రాలేదు. చచ్చిపోయినామె ఎదురుగా నిలబడి చూస్తున్నట్టు సిగ్గుగా ఉంది.

"మీ అమ్మకి అన్యాయం చేశానేమోనే."

"లేదు నాన్నా." ఆమె తోమడం ఆపింది. "అమ్మ ఇంకో మాట కూడా అంది. ముందుగా నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. 'మీ నాన్నని అడుగు. నీ ఇష్టం అంటాడు, అంటే అవునన్నట్టే లెక్క, మార్చేసుకో. ఒకవేళ వద్దన్నాడో, ఆ మనిషికి నిజంగా నొప్పుందన్నమాట. అప్పుడు ముట్టుకోకు' అంది. నువ్వు 'నీ ఇష్టం' అనేసి ఊరుకుంటే మార్చాల్సి వస్తుందేమోనని నాకు భయమేసింది. అందుకే అంత పట్టుపట్టాను."

ఇసిద్రె చేతిలో పీచు బాండీలో పడేశాడు. అయితే ఎంగ్రాసియకి తెలుసు. నొప్పుందేమోనని ఆమెకి అనుమానమైనా ఉంది. సంతలో జనం రోకబ్రూనా అని పిలిచిన ప్రతిసారీ పక్కనే నిలబడి, తెలిసీ తెలియనట్టు ఉండిపోయింది. మొదట గుండె నిండినట్టయింది. ఆ వెనకే కోపం తన్నుకొచ్చింది.

"మరి నన్నే అడగొచ్చుగా?" అన్నాడు. "ఇన్నేళ్ళు ఒకే కంచం దగ్గర కూర్చున్నాం. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నీకు బాధగా ఉందా ఇసిద్రె అని అడిగితే దాని సొమ్మేం పోయింది?"

కెరాల్ తడి చేత్తోనే తండ్రి భుజం పట్టుకుంది.

"అడిగుంటే ఏమనేవాడివి నాన్నా?"

అబద్ధం చెప్పే వయసు కాదు, ఓపికా లేదు.

"ఏం లేదులేవే అనేవాణ్ణి" అన్నాడు. ఎంగ్రాసియ పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవని మనిషి, కూతురి ముందు గట్టిగా ఏడ్చాడు.